బాలలతో లండను నగర సందర్శనము

దేశాటనము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. గ్రంథములలో చదివిన విషయములను కన్నులార చూచినప్పుడు అవి మనస్సునకు మరింత హత్తుకొనును. కాని చూచుటయందును ఒక పద్ధతి కలదు. మహానగరమునకు పోయి, ప్రొద్దుట మొదలుకొని రాత్రివరకు పరుగులు తీసి, పది కట్టడముల యెదుట నిలిచి, వాని పేర్లను మాత్రము మూటగట్టుకొని వచ్చుట ఒక విధము. నాలుగు వస్తువులనే నింపాదిగా చూచి, వాని వెనుకనున్న కథను తెలిసికొని వచ్చుట మరియొక విధము. వెంట అయిదారేండ్ల పసివారున్నచో మొదటి విధము సాధ్యము కాదు. వారి కాళ్లు చిన్నవి. వారికి ఆకలి త్వరగా వేయును. వారి చూపు పెద్దలు చూపిన వైపునకు గాక, తమకు తోచిన వైపునకు పోవును. ఇది మొదట పెద్దలకు విసుగు పుట్టింపవచ్చును. ఐనను పసివారి నడకతో నడచువారికే నగరము తన లోపలి ముఖమును చూపును. ఇంగ్లండు దేశపు రాజధానియైన లండను నగరమును ఉదాహరణముగా తీసికొని ఈ విషయమును విచారింతము.

లండను థేమ్సునదికి ఇరువైపుల వ్యాపించియున్నది. దాని వైశాల్యము సుమారు 1,570 చదరపు కిలోమీటరులు. జనసంఖ్య ఇంచుమించు 90 లక్షలు. తెలుగువారును ఎందరో నేడు అచట నివసించుచున్నారు. ఇంత పెద్ద నగరమును నాలుగైదు దినములలో పూర్తిగా చూడవలెనని తలచుట సముద్రమును చెంబుతో తోడదలచుట వంటిది. కాబట్టి పిల్లలతో పోవువారు ఒక నియమమును పెట్టుకొనుట మంచిది. దినమునకు ఒక గొప్ప స్థలమును మాత్రమే చూడవలెను. దాని తరువాత పిల్లలు పరుగెత్తి ఆడుకొనుటకు ఒక పచ్చిక బయలును ఎన్నుకొనవలెను. చూడవలసినది ఉదయమున, ఆటలు మధ్యాహ్నమున అని విభజించుకొన్నచో పెద్దలకు అలసట ఉండదు, పిల్లలకు ఏడుపు ఉండదు. అక్కడ వాన ఏ నెలలోనైనను కురియవచ్చును గనుక తేలికయైన వానకోటు ఎల్లప్పుడును సంచిలో నుండవలెను.

లండనులో పిల్లలకు మొదటి వింత వారు ఎక్కు వాహనమే. 1863వ సంవత్సరము జనవరి 10వ తేదీన పాడింగ్టను, ఫారింగ్డను అను స్థలముల నడుమ నేలక్రింద రైలు నడచెను. ప్రపంచమున భూగర్భ రైలుమార్గములలో ఇదియే మొదటిది. ఆ దినములలో ఆవిరియంత్రములే సొరంగములలో బండ్లను లాగెడివి. తరువాత విద్యుచ్ఛక్తి వచ్చెను. గొట్టమువలె గుండ్రముగానున్న సొరంగములను బట్టి ప్రజలు ఈ రైలును ట్యూబు అని పిలుతురు. పదునొకండేండ్లు నిండని పిల్లలు టికెట్టు కొన్న పెద్దల వెంట దీనిలో ఉచితముగా ప్రయాణము చేయవచ్చును. కదలుచున్న మెట్లమీద నిలుచువారు కుడివైపున నిలువవలెను. ఎడమవైపు త్వరపడి పోవువారి దారి. పాత స్టేషనులు అనేకములలో లిఫ్టులు లేవు. చంటిబిడ్డను తోపుడుబండిలో తీసికొనిపోవువారు ఏ స్టేషనులో మెట్లు లేని దారి కలదో ముందుగానే తెలిసికొనవలెను.

ట్యూబు పటమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. హారీ బెక్ అను చిత్రలేఖకుడు 1931లో దానిని గీసెను. 1933లో అది ప్రజలకు అందినది. ఆయన విద్యుత్తు తీగల పటములను గీయుటయందు అలవాటుపడినవాడు. నేలక్రింద పోవువానికి మార్గమెన్ని వంపులు తిరిగినదో అక్కరలేదనియు, ఏ స్టేషను తరువాత ఏ స్టేషను వచ్చునో, ఎచ్చట బండి మారవలెనో తెలిసిన చాలుననియు ఆయన గ్రహించెను. అందుచేత వంకర మార్గములను తిన్నని గీతలుగా మార్చి, ఒక్కొక్క మార్గమునకు ఒక్కొక్క రంగు నిచ్చెను. అక్షరములు రాని బాలుడు కూడ రంగును వెంబడించి దారి చెప్పగలడు. కాని ఈ పటములో దూరములు సరియైన కొలతలో ఉండవు. లెస్టరు స్క్వేరు, కోవెంటు గార్డెను అను రెండు స్టేషనుల నడుమ దూరము 300 మీటరులైన లేదు. అట్టి చోట్ల పిల్లలను నేలక్రిందికి దింపి మరల ఎక్కించుటకంటె నడిపించుటయే సుఖము. తొందర లేనివారు ఎఱ్ఱని రెండంతస్తుల బస్సు నెక్కి, మేడమీద ముందరి ఆసనమున పిల్లలను కూర్చుండబెట్టుట ఇంకను మేలు. నగరమంతయు వారికి ఎదురువచ్చుచున్నట్లుండును.

చూడదగిన స్థలములలో పిల్లలకు మిక్కిలి ప్రియమైనది సౌత్ కెన్సింగ్టనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల. ఇది 1881లో తెరువబడినది. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ అను శిల్పి దీనిని కాల్చిన మట్టి పలకలతో కట్టించెను. గోడలమీదను, కంబములమీదను మట్టితో మలచిన జంతువులు లెక్కకు మించి కలవు. పడమటి భాగమునందలి బొమ్మలు నేడు జీవించియున్న జంతువులవి. తూర్పు భాగములోనివి నశించిపోయిన జంతువులవి. భవనమే ఒక పాఠ్యపుస్తకము వలె నున్నది. పెద్దలు తలయెత్తి భవనపు ఎత్తును చూచి పోవుదురు. తమ కన్నులకు అందునంత ఎత్తులోనే కంబముపై ప్రాకుచున్న కోతిని మొదట కనుగొనువారు పిల్లలే. లోపలి విశాలమైన మండపములో నీలి తిమింగిలపు అస్థిపంజరము వ్రేలాడుచున్నది. దాని పొడవు 25 మీటరులకు పైన. 1891లో ఐర్లండు దేశపు వెక్స్‌ఫర్డు తీరమున ఈ తిమింగిలము ఒడ్డున చిక్కుకొని చచ్చెను. 2017లో దీనిని ఈ మండపమున నెలకొల్పి, దీనికి "ఆశ" అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. మానవుల వేటచేత నశింపనున్న నీలి తిమింగిలములను, మానవులే వేటమాని కాపాడగలిగిరి అనుటకు ఇది గుర్తు.

ఇంగ్లండునందలి జాతీయ ప్రదర్శనశాలలలోని స్థిరమైన సంచయములను చూచుటకు 2001వ సంవత్సరము డిసెంబరు నుండి రుసుము లేదు. ఈ ఏర్పాటువలన కలుగు మేలు పసిపిల్లలు గలవారికి బాగుగ తెలియును. డబ్బిచ్చి లోనికి పోయినవాడు ఇచ్చిన డబ్బునకు సరిపడునంత చూడవలెనని అలసిన బిడ్డను ఈడ్చుకొని తిరుగును. ఉచితముగా పోయినవాడు ఒక గంట చూచి, బిడ్డ ముఖము వాడగనే బయటకు వచ్చివేయును. మిగిలినది మరునాడు చూడవచ్చును. తాళములు తీసిన తలుపు పేదవానికే కాదు, పసివానికిని ఉపకారము చేయును.

బ్రిటిషు మ్యూజియము కూడ ఇట్టిదే. అది 1753లో శాసనముచే స్థాపింపబడి, 1759లో ప్రజలకు తెరువబడినది. అందులో 80 లక్షల వస్తువులు కలవందురు. ఈజిప్టు దేశపు మమ్మీల యెదుట పిల్లలు గుంపులుగా నిలుతురు. తెలుగు బాలలు మాత్రము మరియొక మందిరమునకు తప్పక పోవలెను. అచట మన కృష్ణాతీరమునందలి అమరావతి స్తూపపు శిల్పములు నూటికి పైగా కలవు. రెండు వేల యేండ్ల క్రిందట మన శిల్పులు పాలవన్నె సున్నపురాతిపై చెక్కిన ఏనుగులు, గుఱ్ఱములు, స్త్రీపురుషులు, బాలురు అచట కనబడుదురు. ఆంగ్లేయుల పాలనలో 19వ శతాబ్దమున ఈ రాళ్లు సముద్రము దాటి పోయినవి. అవి అంత దూరమేల పోయినవని చిన్నవాడు అడుగును. ఆ ప్రశ్నకు తప్పించుకొను సమాధానము చెప్పరాదు. ఒక దేశము మరియొక దేశమును ఏలినప్పుడు వస్తువులు ఎట్లు చేతులు మారునో ఆ రాళ్లను చూపి చెప్పుటకంటె మంచి చరిత్రపాఠము లేదు.

ఉదయమున ఇట్టి స్థలమును చూచిన పిమ్మట పచ్చిక బయలు కావలెను గదా. లండనులో వానికి కొదువ లేదు. హైడుపార్కు మొదట రాజుల వేటతోట. 8వ హెన్రీ రాజు 1536లో దానిని మఠమువారినుండి తీసికొని జింకల వేటకు ఉంచుకొనెను. 1637లో మొదటి ఛార్లెసు రాజు కాలమున ప్రజలకు ప్రవేశము లభించినది. దానిని ఆనుకొని కెన్సింగ్టను తోటలు ఉన్నవి. జే. ఎం. బారీ అను రచయిత ఈ తోటలలో వ్యాహ్యాళికి పోవుచు, అచట పరిచయమైన పిల్లలకు చెప్పిన కథలనుండి పీటరు పాను అను ఎన్నడును పెద్దవాడు కాని బాలుని సృష్టించెను. 1904లో ఆ కథ నాటకముగా ప్రదర్శింపబడినది. 1912వ సంవత్సరము మే 1వ తేదీ ఉదయమున తోటకు వచ్చిన పిల్లలకు పీటరు పాను కంచుబొమ్మ హఠాత్తుగా కనబడినది. బారీ ముందుగా ఎవరికిని చెప్పక, రాత్రికి రాత్రి దానిని అచట పెట్టించెను. ఆ బొమ్మ అడుగుభాగమున కుందేళ్లు, ఉడుతలు, ఎలుకలు చెక్కబడియున్నవి. తరతరముల బాలల చేతులు తాకి తాకి ఆ కుందేళ్ల చెవులు నున్నబడినవి. ఈ తోటలోనే 2000లో నిర్మించిన క్రీడాస్థలమున కొయ్యతో చేసిన పెద్ద ఓడ యొకటి కలదు.

పీటరు పాను కథ తోటతో ముగియలేదు. 1929లో బారీ ఆ నాటకముపై తనకుగల హక్కులన్నిటిని గ్రేట్ ఆర్మండు వీధిలోని పిల్లల ఆసుపత్రికి దానమిచ్చెను. దానివలన వచ్చు ధనమెంతయో ఎన్నడును వెల్లడింపరాదని కోరెను. 1988లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి, ఆ దేశమున ఆ నాటకముపై వచ్చు ఆదాయము ఆసుపత్రికి శాశ్వతముగా చెందునట్లు ఏర్పాటు చేసెను. ఆ ఆసుపత్రి 1852వ సంవత్సరము ఫిబ్రవరిలో పది మంచములతో ప్రారంభమైనది. డాక్టరు ఛార్లెసు వెస్టు దానికి మూలపురుషుడు. అంతకు పూర్వము ఆ దేశమున పిల్లలను ఆసుపత్రిలో చేర్చుకొని చికిత్స చేయుటకు ప్రత్యేకమైన స్థలము లేకుండెను. ప్రసిద్ధ నవలారచయిత ఛార్లెసు డికెన్సు తన కలముతోను, తన గొంతుతోను దానికి సహాయము చేసెను. 1858లో ఆయన తన కథను సభలో చదివి వినిపించి ఆసుపత్రికి ధనమును సమకూర్చెను.

డికెన్సునకు బాలల కష్టము పుస్తకముల వలన తెలిసినది కాదు. 1824లో ఆయన తండ్రి అప్పులవలన చెరసాల పాలయ్యెను. పండ్రెండేండ్ల ఆ బాలుడు థేమ్సు ఒడ్డున ఒక పాత కొట్టములో బూట్ల నల్లరంగు సీసాలకు కాగితములు అంటించు పనికి కుదురవలసివచ్చెను. నేడు ఛేరింగు క్రాసు స్టేషను ఉన్న ప్రాంతమే ఆ స్థలము. ఆ కాలమున పేదపిల్లలు ఇండ్ల పొగగొట్టములలోనికి ప్రాకి మసి దులిపెడివారు. గొట్టము ఇరుకు గనుక పిల్ల ఎంత చిన్నదైన పనికి అంత యోగ్యము. కొందరు లోపల చిక్కుకొని ప్రాణములు విడిచిరి. దీనిని మాన్పుటకు పలుమారులు శాసనములు చేసినను ఎవరును లక్ష్యపెట్టలేదు. 1875నాటి శాసనముతో గాని ఆ దురాచారము అంతరింపలేదు. బస్సుమీదనుండి వరుసలు వరుసలుగా కనబడు పొగగొట్టములను చూచినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి రావలెను.

ఆసుపత్రికి కొద్ది అడుగుల దూరముననే మరియొక ముఖ్యమైన స్థలము కలదు. థామసు కోరము అను నావికుడు సముద్రయానములు ముగించి లండనులో స్థిరపడెను. ఆయన దినదినమును నగరమునకు పోయి వచ్చునప్పుడు దారిప్రక్కన విడువబడిన పసికందులను చూచెడివాడు. కొందరు చనిపోయి యుండెడివారు, కొందరు చావనై యుండెడివారు. ఇట్టి శిశువులకు ఒక ఆశ్రయము కావలెనని ఆయన పదునేడేండ్లు గొప్పవారి గడపలు త్రొక్కెను. తుదకు 1739లో రాజపత్రము లభించినది. 1741లో మొదటి శిశువులను చేర్చుకొనిరి. వచ్చినవారందరికి చోటు చాలలేదు. అందుచేత తల్లులు సంచిలో చేయిపెట్టి బంతి తీయవలెనని నియమము చేసిరి. తెల్లబంతి వచ్చిన బిడ్డను చేర్చుకొందురు. నల్లబంతి వచ్చిన తల్లి బిడ్డతో మరలిపోవలెను. ఎఱ్ఱబంతి వచ్చిన ఆమె వేచియుండవలెను. చేర్చుకొన్న బిడ్డకు క్రొత్త పేరు పెట్టుదురు. ఎన్నడైన తిరిగి వచ్చినచో తన బిడ్డను గుర్తించుటకై తల్లి ఒక గుడ్డపీలికయో, బొత్తామో, విరిచిన నాణెమో ఆనవాలుగా విడిచిపోయెడిది. అట్లు తిరిగి వచ్చి బిడ్డను తీసికొనిపోగలిగిన తల్లులు మిక్కిలి తక్కువ. ఆ ఆనవాళ్లలో కొన్ని నేటికిని అచటి చిన్న ప్రదర్శనశాలలో అద్దముల వెనుక నున్నవి. కోహినూరు వజ్రమును చూచి పోవుటకు వేలకొలది జనులు బారులు తీరుదురు. ఈ బొత్తాముల యెదుట నిలుచువారు కొందరే. కాని వీని విలువ తల్లులు గలవారికందరికిని తెలియును.

1926లో ఆ అనాథాలయము నగరము వెలుపలికి మారినది. పాత భవనమును పడగొట్టిరి. ఆ స్థలమున క్రొత్త భవనములు లేచునని అందరును తలచిరి. కాని చుట్టుపట్లవారును, దాతలును కృషిచేసి ఏడెకరముల నేలను బాలల కొరకు నిలువరించిరి. 1936లో అది కోరము గారి పేరుతో పిల్లల ఆటస్థలముగా తెరువబడెను. దాని ద్వారమున ఒక వింత నియమము కలదు. బాలునో బాలికనో వెంట తీసికొనిరాని పెద్దలకు లోపలికి ప్రవేశము లేదు. లోకమున అనేక స్థలములలో పెద్దలు లేనిదే పిల్లలను రానీయరు. ఇచట పెద్దవానికి పిల్లవాడే టికెట్టు. ఎంత ధనవంతుడైనను, ఎంత పదవి గలవాడైనను ఒక చిన్ని చేతిని పట్టుకొని గాని ఆ గడప దాటలేడు. ఒకప్పుడు బిడ్డలు తల్లులనుండి వేరుపడిన నేలపై నేడు తల్లులును బిడ్డలును కలిసి ఆడుకొనుచున్నారు.

ఇక మరియొక దినమున థేమ్సుతీరమునందలి లండను దుర్గమునకు పోవచ్చును. దీనిని టవరు అందురు. 11వ శతాబ్దమున విలియము రాజు దీనిని కట్టింప నారంభించెను. ఇచట కాకోలములు అను పెద్ద జాతి కాకులను పెంచుచున్నారు. ఇవి దుర్గమును విడిచిపోయినచో రాజ్యము కూలునని ఒక నమ్మకము. అందుచేత ఆరింటికి తక్కువ కాకుండ ఎల్లప్పుడును పోషింతురు. పూర్వము రాజుల జంతుశాల కూడ ఈ కోటలోనే యుండెను. 1252లో నార్వే రాజు ఒక తెల్లని ధ్రువపు ఎలుగుబంటిని కానుకగా పంపెను. దానిని పొడవైన త్రాటితో కట్టి థేమ్సునదిలో చేపలు పట్టుకొననిచ్చెడివారు. 1255లో ఫ్రాన్సు రాజు ఒక ఏనుగును పంపెను. 19వ శతాబ్దమున ఈ జంతువులను రీజెంటుపార్కులోని జంతుప్రదర్శనశాలకు మార్చిరి. ఈ కథలు విన్న పిల్లలకు కోట గోడలు కూడ ప్రాణము గలవిగా తోచును.

దుర్గములో విషాదకథలును కలవు. 1483లో పండ్రెండేండ్ల 5వ ఎడ్వర్డు రాజును, తొమ్మిదేండ్ల అతని తమ్ముని ఇచట ఉంచిరి. తరువాత వారెవరికిని కనబడలేదు. వారికేమైనదో నేటివరకు నిశ్చయముగా తేలలేదు. రాజాభరణముల మందిరమున కోహినూరు వజ్రము కలదు. అది మన కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిలో దొరికినదని అనేకుల విశ్వాసము. 1849లో పంజాబును జయించిన ఈస్టిండియా కంపెనీ మహారాజు దులీపు సింగుచేత దానిని ఇప్పించుకొనెను. అప్పుడాయన వయస్సు పదేండ్లు మాత్రమే. 1852లో దానిని మరల సానపట్టగా 105 కారెట్లకు కొంచెము మించినదిగా మిగిలెను. కిరీటము తలమీద నుండినను బాలుడు బాలుడే. రాజ్యమునకై పోరాడు పెద్దల నడుమ వాని బలమెంత?

కోట ప్రక్కనే టవరు వంతెన కలదు. 1894లో తెరువబడిన ఈ వంతెన నడిమి భాగము రెండు రెక్కలుగా చీలి పైకి లేచును. దాని క్రిందుగా ఎత్తైన ఓడలు పోవును. సంవత్సరమునకు సుమారు 800 సారులు అది లేచును. ఏ వేళకు లేచునో ముందుగానే ప్రకటింతురు గనుక ఆ వేళకు పిల్లలను తీసికొనిపోవచ్చును. కొంచెము దూరమున 1677లో పూర్తియైన అగ్నిస్మారక స్తంభము కలదు. 1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఒక రొట్టెల దుకాణములో పుట్టిన నిప్పు 13,200 ఇండ్లను, 87 ప్రార్థనా మందిరములను దహించెను. స్తంభపు ఎత్తు 202 అడుగులు. నిప్పు పుట్టిన స్థలము కూడ అచటినుండి అంతే దూరము. లోపల 311 మెట్లు కలవు. అవి ఎక్కి దిగిన వానికి ఒక ధ్రువపత్రము నిత్తురు. పెద్దలకంటె పిల్లలే ఆ పత్రమును గర్వముతో దాచుకొందురు.

మహానగరమున పిల్లలు తప్పిపోవుదురేమో అను భయము తల్లిదండ్రులకు సహజము. పిల్లవాని జేబులో తలిదండ్రుల పేరును, టెలిఫోను సంఖ్యను వ్రాసిన కాగితము ఉంచుట, తప్పిపోయినచో నిలిచిన చోటనే నిలువుమని ముందుగా నేర్పుట అవసరము. ఇట్టి కాగితములకు లండను చరిత్రలో ఒక స్థానము కలదు. 1939వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో, శత్రువిమానముల బాంబులకు వెఱచి, లక్షలకొలది పిల్లలను లండను మొదలగు నగరములనుండి పల్లెలకు పంపిరి. ఒక్కొక్క బిడ్డ దుస్తులకు పేరు వ్రాసిన చీటి కట్టిరి. తల్లులు స్టేషనులలో నిలిచి, ఎవరి యింటికి పోవుచున్నారో ఎరుగని బిడ్డలను సాగనంపిరి. మైకేలు బాండు అను రచయిత ఆ చీటీలను మరువలేదు. 1958లో ఆయన వ్రాసిన కథలోని పాడింగ్టను అను ఎలుగుబంటిపిల్ల మెడలో, ఈ ఎలుగుబంటిని చూచుకొనుడని కోరు చీటి యొకటి వ్రేలాడును. పాడింగ్టను స్టేషనులో దాని బొమ్మను నేడును చూడవచ్చును. లివర్‌పూలు వీధి స్టేషనువద్ద మరియొక శిల్పము కలదు. చేతిపెట్టెలతో నిలిచిన అయిదుగురు బాలబాలికలు అందులో నున్నారు. 1938, 1939 సంవత్సరములలో నాజీల క్రౌర్యమునుండి తప్పించి సుమారు పదివేల మంది బాలలను, అందులో ముఖ్యముగా యూదుల బిడ్డలను, ఇంగ్లండునకు తెచ్చిరి. వారిలో అనేకులు తలిదండ్రులను మరల చూడలేదు. స్టేషనున త్వరపడి పోవు జనులలో ఆ బొమ్మల ముఖములను నిదానముగా చూచువారు, వానియంత ఎత్తే ఉన్న పిల్లలు.

చివరి దినమున గ్రీనిచ్చునకు పోవుట మంచిది. థేమ్సు ఉత్తరపుటొడ్డున లిఫ్టులో దిగి, నదిక్రిందుగా 370 మీటరుల సొరంగములో నడచి దక్షిణపుటొడ్డునకు చేరవచ్చును. 1902లో రేవులలో పనిచేయు కూలీల కొరకు దీనిని త్రవ్విరి. తలమీద ఓడలు పోవుచుండగా తాము నడచుచున్నామను తలపు పిల్లలకు గొప్ప సంతోషము నిచ్చును. 1675లో స్థాపింపబడిన వేధశాల అచటి కొండమీద నున్నది. 1884లో వాషింగ్టనులో జరిగిన సభ ఆ స్థలముగుండా పోవు రేఖను సున్న రేఖాంశముగా నిర్ణయించెను. మన దేశపు కాలమునకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము ఆంధ్రప్రదేశముగుండా కూడ పోవుచున్నది. డిగ్రీల లెక్కను గంటలలోనికి మార్చినచో మన గడియారము గ్రీనిచ్చు కాలముకంటె అయిదున్నర గంటలు ముందున్నదని తేలును. భూగోళ పాఠములో కష్టముగా తోచిన ఈ సంగతి, రేఖకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలిచిన బాలునికి సులభముగా బోధపడును.

ఇట్లు నాలుగైదు దినములలో చూచినవి కొన్నియే. చూడక విడిచినవి వందలు. ఐనను నష్టము లేదు. పిల్లల నడకను అనుసరించి తిరిగినందున రాజమార్గములలో కనబడని ఒక చరిత్ర కనబడినది. పొగగొట్టములలోనికి పసివారిని పంపిన నగరమే వారికొరకు ఆసుపత్రిని కట్టుకొన్నది. దారిప్రక్కన శిశువులు చనిపోయిన నగరముననే, పిల్లవాడు లేనిదే పెద్దవానిని రానీయని తోట వెలసినది. ఈ మార్పు తనంతట తాను రాలేదు. పదునేడేండ్లు తిరిగిన ఒక నావికుడు, పది మంచములతో మొదలుపెట్టిన ఒక వైద్యుడు, తన బాల్యపు బాధను మరువని ఒక రచయిత, పేరు తెలియని దాతలు ఎందరో కలిసి తెచ్చినది. కోటలు, వంతెనలు, వజ్రములు నగరపు బలమును, సంపదను తెలుపును. దాని మంచితనమును తెలిసికొనదలచినవాడు, అందలి అతిచిన్న పౌరునికి కూర్చుండుటకు నీడయు, పరుగెత్తుటకు నేలయు, చూచుటకు తెరచిన తలుపును ఉన్నవో లేవో విచారింపవలెను. ఈ కొలత లండనునకే కాదు, మన ఊరికిని సరిపోవును.